ఉచ్చ వాసన పట్టిన పరుపు: ఇంట్లనే బాగుచేసుడెట్ల?

నీలగిరి_ఇల్లాలు:

అందరికి నమస్తే. నల్లగొండల కిరాయి ఇల్లు, స్లాబు మీదికి మెట్లున్నయి. పరుపు 6×5, మందం ఆరంగుళాలు. కింద నాలుగంగుళాలు రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు, పైన రెండంగుళాలు ఫోం. గలీబు చుట్టూ కుట్టేసి ఉన్నది, జిప్పు లేదు. అయిదేండ్ల బాబు పక్క తడుపుతడు, ఎప్పుడూ గోడ దిక్కే. మరక అడుగున్నర వెడల్పు.

ఇప్పటిదాకా చేసినయి: సర్ఫు నీళ్లు పోసి బ్రష్షుతోని రుద్దుడు, డెటాల్ నీళ్లతోని తుడుసుడు, వంటసోడా చల్లి పొద్దుగాల చీపురుతోని ఊడ్సుడు. మరక పోలే. పైనుంచి దాని చుట్టూ గోధుమరంగు గీత ఒకటి కొత్తగ పడ్డది. ఎండ కాసిన రోజు వాసన తెల్వది, ముసురు పట్టిందంటే గదంత కొడుతది. వాక్యూం లేదు. వాడేది బోరు నీళ్లు. ఫోంను ఎండల ఎయ్యద్దంటరు, ఎయ్యకుంటె ఆరెడిదెట్ల?

సోఫాక్లీనర్_పాలమూరు:

అక్కా, ముందుగాల ఒక లెక్క చూడుండ్రి. పిల్లల మూత్రాశయంల ఎంత పడుతదో డాక్టర్లు ఒక సూత్రంతోని అంచనా కడుతరు: వయసుకు రెండు కలిపి ముప్పైతోని గుణించాలె. అయిదేండ్ల బాబుకు 210 మిల్లీలీటర్లు. అంటే ఒక నీళ్ల గ్లాసు. అది పైన ఆగదు, ఫోం దాటి పీచుల దాకా దిగుతది. బ్రష్షు పోయేది గుడ్డ వరకే. మీరు పోసిన సర్ఫు నీళ్లు లోపలి మురికిని ఇంక కిందికి, పక్కలకు తోసినయి. ఆరేటప్పుడు తడి పైకి ఎక్కుతది, ఎక్కుకుంట మురికిని తెచ్చి తడి అంచు దగ్గర వదిలిపెడుతది. మీ గోధుమరంగు గీత గదే. కొత్త మరక కాదు, పాతదే పక్కకు జరిగింది.

అందుకని పని ఎప్పుడూ ఒక్కటే: లోపలికి ఏది పోస్తే అది బయటికి రావాలె. పోసుడు సులువు, తీసుడే కష్టం. నాలుగైదు పాత తువ్వాలలు దగ్గర పెట్టుకోని మొదలుపెట్టుండ్రి. పొద్దుగాల ఏడు గంటలకే, ఎండ కాసే రోజు చూసుకోని. పరుపు మరక పైకి ఉండేటట్టు నేల మీద పరిచి ఉండాలె, నిలబెట్టి తడుపద్దు. నిలబెడితే తడి కిందికి జారి ఇంకో గీత గీస్తది.

మరక మీద అర లీటరు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగ పోయుండ్రి, గీత అవతలి నుంచి లోపలికి. మధ్యల నుంచి బయటికి పోతే మరక పెద్దగైతది. రెండు నిమిషాలు ఆగి, తువ్వాల నాలుగు మడతలు పెట్టి, దాని మీద ఒక కాలుతోని నిలబడి ముప్పై లెక్కపెట్టుండ్రి. చేతితోని ఒత్తితే సాలదు, మనిషి బరువు పడాలె. తువ్వాల తిప్పి మళ్ల. పొడి తువ్వాల పొడిగనే లేచేదాకా ఒత్తుడే. గిట్ల రెండుసార్లు. మొదటిసారి తువ్వాలకు పసుపు దిగుతది, సర్ఫు నురగ గూడ వస్తది. మీరు ముందు పోసిన సర్ఫు ఇంక లోపలనే ఉన్నది మరి.

తర్వాత ఎంజైము (మురికిని విరగ్గొట్టే పదార్థం) ఉన్న బట్టల పొడి. ప్యాకెట్ మీద ఎంజైములని రాసి ఉంటది, చూసి కొనుండ్రి. ఒక చిన్న చెంచా పొడి అర లీటరు గోరువెచ్చని నీళ్లల్ల మంచిగ కరిగించి, పలుకు మిగలకుండ వడగట్టి, మరక మీద సమానంగ చిలకరించుండ్రి. ఆరిపోకుండ పైన ప్లాస్టిక్ కవరు పరిచి ముప్పావు గంట వదిలేయాలె. ఎంజైముకు టైం గావాలె, రుద్దితే తొందరగ పనిచేసేది కాదు అది. తీసినంక మళ్ల తువ్వాలతోని తొక్కి, అర లీటరు మంచి నీళ్లతోని కడిగి, మళ్ల తొక్కుడు.

ఎంజైము తర్వాతనే వెనిగర్, వెనిగర్ తర్వాతనే పెరాక్సైడు (మరక రంగు తీసే మందు). వరుస తప్పితే ఒకదాన్నొకటి చంపుకుంటయి. తెల్ల వెనిగరు 150 మిల్లీలీటర్లకు అంతే నీళ్లు కలిపి చిలకరించి, పది నిమిషాలకు ఒత్తేసి, ఒకసారి నీళ్లతోని తుడిచి ఆరబెట్టుండ్రి. వెనిగర్ వాసన ఆరినంక ఉండదు. ఇయ్యాలకు ఇంతే, పసుపు మరక సంగతి ఎల్లుండి పొడిగ అయినంక చూద్దాం.

ఊరికే_చూసిపోయేటోడు:

ఇంత తిప్పలెందుకు? బ్లీచింగ్ పౌడర్ నీళ్లల్ల కలిపి పోస్తే మరకా పోతది, వాసనా పోతది. లేకుంటె వెనిగర్, వంటసోడా రెండూ కలిపి పోయుండ్రి, బుసబుస పొంగి మురికంత పైకొస్తది. వీడియోలల్ల గట్లనే చూపెడుతున్నరు.

కెమిస్ట్రీసార్:

బ్లీచింగ్ పౌడర్ దయచేసి వద్దు. పాత మూత్రంలో యూరియాను బ్యాక్టీరియా విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. దాని మీద బ్లీచింగ్ పడితే క్లోరమిన్ అనే విషవాయువులు పుడతాయి. వెనిగర్ మీద బ్లీచింగ్ పడితే నేరుగా క్లోరిన్ వాయువే. తలుపులు మూసిన పడకగదిలో, పసిపిల్లాడు పడుకునే చోట చేసే ప్రయోగం కాదు ఇది. టాయిలెట్ కడిగే యాసిడ్‌కూ ఇదే మాట.

వెనిగర్, సోడా కలిపితే పొంగేది కార్బన్ డై ఆక్సైడు. పొంగు చూడ్డానికి బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు, నీళ్లు. వెనిగర్‌కు అమ్మోనియాను పట్టే బలమూ పోతుంది, సోడాకు వాసన పీల్చే గుణమూ పోతుంది. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

ముసురులో వాసన ఎందుకు పెరుగుతుందంటే, మూత్రం ఆరాక లోపల ఉప్పులూ యూరిక్ ఆమ్లం పలుకులూ మిగులుతాయి. ఎండకు పొడిగా ఉన్నంతసేపు వాసన ముక్కుదాకా రాదు. గాలిలో తేమ పెరగగానే అవి చెమ్మ పట్టి, బ్యాక్టీరియా మళ్లీ పని మొదలుపెట్టి, వాసన గాలిలోకి లేస్తుంది. వేసవి అంతా బాగుండి జూన్ దాటగానే కంపు కొట్టే పరుపులన్నిటి సంగతీ ఇదే. సెంటు కొట్టడం, అగరుబత్తి వెలిగించడం ఆ పలుకులను ఏమీ చేయవు.

బోరు నీళ్ల గురించి కూడా ఒక మాట. మన జిల్లా భూగర్భజలం కఠినం. బకెట్ అంచుకు తెల్లగా పేరుకునేదే పరుపులోనూ మిగులుతుంది. సబ్బు వాడితే కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టె కడుతుంది, దుమ్ము దానికి అంటుకుంటుంది. మొదట కడగడానికి బోరు నీళ్లు ఫర్వాలేదు కానీ ఆఖరి రెండు తడవలకు భగీరథ నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. మొత్తం రెండు లీటర్లు దాటదు.

ఇక పెరాక్సైడు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు సీసా మీద సాధారణంగా 6 శాతం అనో 20 వాల్యూమ్ అనో ఉంటుంది. దానికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, మనకు కావలసింది అదే. ఆ 3 శాతం ద్రావణం 240 మిల్లీలీటర్లకు మూడు పెద్ద చెంచాల వంటసోడా, గిన్నెలు తోమే ద్రవం మూడు చుక్కలు. చేతులకు గ్లవుజులు. కలిపిన వెంటనే చిలకరించాలి, మిగిలింది పారబోయాలి. సీసాలో పోసి మూత బిగిస్తే ఆక్సిజన్ ఊరి సీసా పగులుతుంది. ఇది రంగు కూడా తీసేస్తుంది కాబట్టి పూల డిజైన్ గలీబు అయితే ముందు అడుగున రూపాయి బిళ్లంత మేర పోసి పది నిమిషాలు చూడండి. వెనిగర్ పూర్తిగా కడిగి ఆరాకే ఇది పోయాలి. రెండూ కలిస్తే పెరాసెటిక్ ఆమ్లం పుట్టి కళ్లూ గొంతూ మండుతాయి.

రక్తం మరకలు ఉంటే కూడా ఇదే ద్రావణం పనిచేస్తుంది. అయితే వాటి మీద వేడి నీళ్లు పోయొద్దు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు రక్తంలోని ప్రొటీన్ గుడ్డకు పట్టేసుకుంటుంది.

పరుపులదుకాణం_సూర్యాపేట:

ఎండ ప్రశ్నకు ఎవరూ జవాబియ్యలే. ఏ పరుపో చూసి చెప్పాలె.

దూది పరుపు ఎంత ఎండైనా తింటది, ఎండే దానికి మందు. ఫోం అట్ల కాదు. నేరుగ ఎండ తగిలితే పసుపు పచ్చగ మారి, కొన్నాళ్లకు వేలు పెట్టి గీకితే పొడి రాలుతది. లేటెక్స్ ఇంకా సున్నితం, దానికి నీడనే. మెమరీ ఫోంకు నీళ్లే పడవు, తడి పీల్చుకుంటె వారం అయినా లోపల ఆరదు. రబ్బరు పీచు అంటే పీచు మీద రబ్బరు పాలు చల్లి ఉడికించి అతికించిందే. ఎక్కువ ఎండకు ఆ రబ్బరు గట్టిపడి విరుగుతది, ఎక్కువ నీళ్లకు పీచు మాగుతది. అక్క పరుపుల రెండూ ఉన్నయి కాబట్టి, పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎండ, మీద పాత తెల్ల పంచె కప్పి. తర్వాత నీడకు జరపాలె. నీడలనే గాలి మంచిగ కొడితే ఏప్రిల్, మే నెలలల్ల మన దిక్కు సాయంత్రానికి ఆరుతది. వానకాలంల రెండు రోజులు పట్టుద్ది.

స్లాబు మీద నేరుగ పరవకుండ్రి. కింద గాలి ఆడదు, వేడికి అడుగు మాడుతది, పైన చెమ్మ అట్లనే ఉంటది. నులక మంచమో నవారు మంచమో ఉంటే దాని మీద వెయ్యుండ్రి, కింది నుంచి గాలి పోతది. మంచం లేకుంటె పొడుగు అంచు కింద రెండు ఇటుకలు పెట్టి పిట్టగోడకు ఆనిచ్చి నిలబెట్టుండ్రి, గంటకోసారి తిప్పుకుంట. తువ్వాలతోని బాగ తొక్కినంకనే నిలబెట్టేది. నాలుగు దాటితే లోపలికి దించెయ్యాలె. గాలిదుమారం లేచే రోజులల్ల మనిషి పక్కనే ఉండాలె. మిర్యాలగూడల మిల్లుల దగ్గర ఉండేటోళ్లు మాత్రం స్లాబు ముచ్చటే మరువుండ్రి, ఊక బూడిద పడ్డ పరుపును మళ్ల మొదటి నుంచి తోమాలె. గదిల ఫ్యాను పెట్టుకునుడే.

కూలరు గురించి ఎవ్వరూ అనరు గని, ఎండకాలంల పరుపు చెమ్మకు సగం కారణం అదే. కిటికీ మూసి కూలరు పెడితే గాలిల నీళ్లు ఎటూ పోవు, రాత్రంత దుప్పటికి, పరుపుకు పడుతయి. పొద్దుగాల దుప్పటి చెమ్మగ ఉంటె అదే గుర్తు. ఎదురు కిటికీ జానెడు తెరిచిపెట్టాలె. పరుపు ఆరబెట్టే రెండు రోజులు కూలరు బంద్.

ఇంకోటి. పరుపు తిప్పి అడుగు చూడుండ్రి. కింది గుడ్డ మీద గూడ పసుపు మరక ఉంటే తడి ఆరంగుళాలూ దిగినట్టే, అప్పుడు పై నుంచి ఎంత కడిగినా పీచుల వాసన పోదు. మంచం పలకల మీద గోధుమరంగు పొడి రాలి ఉంటే పీచు రబ్బరు అయిపోయింది, దాని మీద ఖర్చు పెట్టద్దు. కింద మరక లేకుంటె ఒక దారి ఉన్నది: పరుపులు కుట్టే దుకాణంల గలీబు ఒక పక్క విప్పించి, పై ఫోం ముక్క మాత్రం మార్పించి, కొత్త గుడ్డ ఎక్కించుకోవచ్చు. చానామందికి ఇది తెల్వక మొత్తం పరుపే పడేస్తరు.

నీలగిరి_ఇల్లాలు:

చానా థాంక్స్ అందరికి. అడుగు గుడ్డ తెల్లగనే ఉన్నది, పీచు పొడి గూడ లేదు. ఇంక మూడు అడగాలె. వాక్యూం లేకుండ సోడా చల్లొచ్చా? అత్తమ్మ దూది పరుపు ఉన్నది, గట్టిగ గడ్డలు కట్టింది, దాన్ని గూడ గిట్లనే కడగాల్నా? మరక దగ్గర కాదు గని, కుట్టు అంచు వెంబడి పెన్ను చుక్కల లెక్క నల్లటి చుక్కలున్నయి. బూజా?

సోఫాక్లీనర్_పాలమూరు:

సోడా సంగతి: 6×5 పరుపుకు పావు కిలో, టీ జల్లెడతోని పల్చగ జల్లి, ఆరేడు గంటలు ఉంచి వాక్యూంతోని లాగాలె. వాక్యూం లేకుంటె చల్లకపోవుడే మేలు. చీపురు సగం తీస్తది, సగం కుట్లల్ల, గుడ్డ నేతల కూసుంటది. వానకాలం చెమ్మకు అది గడ్డకట్టి చేతికి గరుకు తగులుతది. మీ పరుపుల ఇప్పటికే ఉన్నది, మొదటి రెండు కడుగుళ్లల్ల కొంత కరిగి వస్తది. ఇంకోటి, తడి పరుపు మీద సోడా అస్సలు చల్లద్దు, పిండి ముద్దై ఎండుతది. ఒక్కరోజుకు వాక్యూం ఎవరిదగ్గరైనా తెచ్చుకుంటె వెడల్పు మూతి కాదు, సన్న మూతి పెట్టి ముందు అంచు కుట్ల వెంట లాగుండ్రి. దుమ్మంత ఉండేది ఆడనే.

దూది పరుపుకు నీళ్లు తగలద్దు. తడిస్తే దూది ముద్దగట్టి మళ్ల విచ్చుకోదు, నడిమి భాగం ఎన్ని ఎండలు పెట్టినా ఆరదు, బూజు పడుతది. ఎండల వేసి రెండు దిక్కులా కర్రతోని కొట్టుడు, గంటకు తిప్పుడు, అంతే. గడ్డలకు కొట్టుడు పనిచెయ్యదు, ఏకించాలె. ఏకుడు మిషను దగ్గర విప్పి, దుమ్ము దులిపి, దూది ఏకి, కొత్త గలీబుల నింపి కుడతరు. నింపేటప్పుడు దగ్గరుండి చూడుండ్రి, ఏకినంక దుమ్ము, పొట్టి నూగు పోయి తూకం కొంత తగ్గుతది, ఆ తగ్గిన దానికి కొత్త దూది కలపమనాలె. పాత గలీబు మరకలుంటె దాన్ని విడిగ ఉతికి ఎండబెట్టి మళ్ల వాడొచ్చు.

చుక్కల సంగతి ఫోటో చూడకుండ చెప్పలేం. తడి గుడ్డతోని ఒక చుక్కను ఒత్తి చూడుండ్రి. ఇంకు లెక్క ఎర్రగోధుమగ పాకితే నల్లుల మలం. పాకకుండ, గుండ్రంగ బొచ్చు లెక్క ఉండి మట్టి వాసన వస్తే బూజు.

కెమిస్ట్రీసార్:

బూజు అయితే ముందు బయటికి తీసుకెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని పొడి బ్రష్షుతో దులపాలి. గదిలో దులిపితే బీజాలు గోడలకు చేరతాయి. తర్వాత సర్జికల్ స్పిరిటుతో తడిపిన గుడ్డతో ఒత్తి తుడిచి గాలికి ఆరనివ్వండి, దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. బూజు ఫోం లోపలికి దిగితే ఆ ముక్క పోయినట్టే. మంచం కింద గాలి ఆడకపోవడం దీనికి మూలం. సామాన్లు పెట్టుకునే పెట్టె మంచాలకు అడుగు చెక్కకు కన్నాలు ఉండవు, రాత్రి పట్టిన చెమట కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. నెలకోసారి పరుపును ఒక పూట నిలబెట్టండి. కొత్త పరుపు ప్లాస్టిక్ కవరు తీయకుండా వాడినా ఇదే గతి.

పరుపులదుకాణం_సూర్యాపేట:

నల్లులైతే పరుపును ఒక్కదాన్నే ఎండల వేస్తే లాభం లేదు. పైన కాలితే అవి చల్లటి దిక్కుకు, కుట్టు లోపలికి జరుగుతయి. ఎక్కువ శాతం మంచం కీళ్లల్ల, మొలల కన్నాలల్ల, గోడ పగుళ్లల్ల ఉంటయి. ఇనుప మంచం అయితే కీళ్లల్ల సలసల మరిగే నీళ్లు పోయుండ్రి. ప్లైవుడ్ మంచానికి నీళ్లు పోస్తే ఉబ్బుతది, దానికి ఆవిరి మిషను: అడుగు దూరం పోవడానికి అర నిమిషం, అంత మెల్లగ. తొందరగ లాగితే గుడ్లు చావవు. పరుపు కుట్లకు గూడ అదే ఆవిరి, ఆ తర్వాత ఫ్యాను గాలికి ఆరబెట్టాలె. దుప్పట్లు, మెత్తల గలీబులు వేడి నీళ్లల్ల ఉతకాలె. వారానికోసారి మళ్ల చూసుకోవాలె, గుడ్లు పొదుగుతయి గనుక ఒక్కసారితోని అయిపోదు.

మన దిక్కు ఇంట్ల పత్తికి కొట్టే మందు ఉంటది, నల్లులకని దాన్నే పరుపు మీద కొడుతరు. అది చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లకు పోతది, పరుపుల నెలల తరబడి ఉంటది. పిల్లగాడు మూతి ఆనిచ్చి పడుకునేది దాని మీదనే. కిరోసిన్ గూడ వద్దు, అంటుకుంటది. పరుపు కింద నాఫ్తలీన్ గోళీలు గూడ పిల్లలున్న ఇంట్ల వద్దు.

నీలగిరి_ఇల్లాలు:

ఒత్తి చూసిన, పాకలేదు. బొచ్చు లెక్కనే ఉన్నది, బూజే. బ్రష్షుతోని దులిపి స్పిరిటు పెట్టినం. మరకకు ఎంజైము, వెనిగర్ దాకా అయింది. పైన పొడిగనే అనిపిస్తుంది, లోపల ఆరిందో లేదో తెలిసెడిదెట్ల? పెరాక్సైడు ఎప్పుడు పొయ్యాలె?

సోఫాక్లీనర్_పాలమూరు:

చేతితోని ముట్టి నమ్మద్దు. చల్లగ ఉంటె తడిగ అనిపిస్తది, ఎండల నుంచి తెస్తే తడి గూడ పొడిగ అనిపిస్తది. న్యూస్ పేపరు నాలుగు మడతలు పెట్టి మరక మీద ఉంచి, పైన అయిదు కిలోల బియ్యం సంచి పెట్టుండ్రి. పది నిమిషాలకు తీసి చూస్తే పేపరు మెత్తబడి వంగితే ఇంక తడున్నది. ఫెళఫెళ మంటె ఆరింది. నడుమల, అంచుకు, అడుగున మూడు చోట్ల చూడాలె.

ఆరినంకనే పెరాక్సైడు. చిలకరించి వదిలెయ్యాలె, ఒత్తద్దు, దానంతట అదే ఆరాలె. ఆరేసరికి తెల్లటి పొడి మిగులుతది, అది సోడా. దులిపి, తడి గుడ్డతోని రెండుసార్లు తుడువుండ్రి. గీత ఇంక పల్చగ కనపడితే అయిదారు రోజులాగి అదే ఇంకోసారి. రెండోసారికీ పోకుంటె అది రంగు మాత్రమే, వాసన లేదంటె వదిలెయ్యుండ్రి.

మళ్ల వాడేటప్పుడు పరుపు మీద ముందు నీళ్లు దిగని కవరు, దాని మీద దుప్పటి, బాబు పడుకునే చోట మీదంగ ఒక రబ్బరు షీటు, దాని మీద ఇంకో చిన్న దుప్పటి. రాత్రి తడిస్తే పైన రెండూ లాగేస్తే కింద పొడి పక్క తయారుగ ఉంటది, లైటు వేసి బాబును లేపి మొత్తం మార్చే పని లేదు. రబ్బరు షీటు పొద్దుగాల కడిగి రెండు దిక్కులా ఆరినంకనే మళ్ల వెయ్యాలె, మడత పెట్టి తడిగ ఉంచితే వాసన దానికే పడుతది.